అక్వేరియంలో కీడు

అక్వేరియంలో చేప చనిపోతే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: "మనకు రావాల్సిన కీడు అది మోసుకుపోయింది." పెద్దలు ఊరట పడతారు, పిల్లలు కళ్లు తుడుచుకుంటారు, వారం తిరక్కుండా ఇంకో చేప వస్తుంది. ఒక ప్రాణి చావును శుభవార్తగా మార్చేశాక, అది ఎందుకు చనిపోయిందని అడిగేవాళ్లు మిగలరు. ఈ నమ్మకం మీద నా కోపమంతా అందుకే.

ఎనిమిది బంగారు రంగు చేపలు, ఒక నల్ల చేప ఉండాలన్న లెక్క చైనా ఫెంగ్‌షుయ్ నుంచి వచ్చింది. చెడునంతా నల్లది పీల్చుకుంటుందట. తొట్టి ఈశాన్యంలో పెట్టాలన్నది మన వాస్తువాళ్లు చెప్పేది. చేప చనిపోతే గండం గడిచినట్టు. చేప పోయాక కూడా ఇంట్లో ఆపద వస్తే, ఇంకా పెద్దది తప్పినట్టు. ఏం జరిగినా నెగ్గే మాటను పరీక్షించడానికి దారే లేదు.

నీళ్లను మాత్రం పరీక్షించవచ్చు. చేపలు మొప్పల గుండా అమ్మోనియా వదులుతాయి. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటివి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషం. మూడోది వాటికంటే చాలా తక్కువ హాని చేస్తుంది. ఈ బ్యాక్టీరియా ఎక్కువగా ఫిల్టర్ స్పాంజిలో, అడుగున పరిచిన గులకరాళ్ల మీద ఉంటుంది. కొత్త తొట్టిలో అది కుదురుకోవడానికి సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది.

సెలవురోజు చేసే పెద్ద శుభ్రం దాన్నే తుడిచిపెడుతుంది. నీళ్లన్నీ పారబోసి, రాళ్లు రుద్ది, స్పాంజిని కుళాయి కింద పిండి, నేరుగా కుళాయి నీళ్లు నింపుతారు. ఆ నీళ్లలోని క్లోరిన్ మొప్పలను దెబ్బతీస్తుంది, మిగిలిన బ్యాక్టీరియానూ చంపుతుంది. ఆ తర్వాతి రోజుల్లో అమ్మోనియా పేరుకుంటుంది. నీళ్లు మాత్రం తేటగానే కనిపిస్తాయి కాబట్టి నింద దిష్టి మీదకు పోతుంది. నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో ప్రమాదం ఇంకో రకంగా వస్తుంది. పాత నీటిలో ఆమ్లగుణం పెరిగి, అమ్మోనియా అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉండిపోతుంది. క్షారగుణమున్న కొత్త నీళ్లు ఒక్కసారిగా పోస్తే అది తిరిగి విషంగా మారుతుంది. కొన్ని గంటల్లోనే చేపలు పోవచ్చు.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ముందు హీటర్, మోటారు ప్లగ్గులు తీసేయాలి. వారానికోసారి 20–25 శాతం నీళ్లు పైపుతో అడుగు నుంచి లాగాలి, ఆ మురికితో సహా. అలా బయటికి తీసిన నీళ్లలోనే స్పాంజిని మెల్లగా పిండాలి. సబ్బు తగలనివ్వకూడదు. కొత్త నీళ్లలో షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ కలపాలి, లేదా గాలి పంపు పెట్టి ఒక రోజు నిలవబెట్టాలి. క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడిన నీళ్లయితే, నిలవబెట్టినంత మాత్రాన అది పోదు. తొట్టి నీళ్లకూ వీటికీ వేడిలో తేడా ఉండకూడదు.

గోల్డ్‌ఫిష్ సరైన నీళ్లలో పదేళ్లకు పైగా బతకగలదు. గాజు గిన్నెలో కొన్ని నెలలకే పోయిందంటే దాన్ని చంపింది మన పెంపకమే. ఈసారి చేప చనిపోతే టెస్ట్ కిట్ తెచ్చి, పిల్లల చేతే నీళ్లు పరీక్ష చేయించండి. అమ్మోనియా కనిపిస్తే వెంటనే పావు వంతు నీళ్లు మార్చి, మేత తగ్గించి, రోజూ చూస్తూ ఉండండి. ఆ అంకె సున్నాకు దిగేదాకా కొత్త చేపను ఇంటికి తేవద్దు.