గృహవిద్యలో కంప్యూటరు స్థానం

విద్య ఎక్కడ జరగాలన్న ప్రశ్న కంటె, ఎవరి సన్నిధిలో జరగాలన్న ప్రశ్ననే మన పూర్వులు ప్రధానంగా భావించారు. 'గురుకులం' అన్న పదంలో 'కులం' అంటే గృహం. గురువుగారి ఇల్లే పాఠశాల. ఆ ప్రశ్న నేడు గన్నవరం వంటి చోట క్రొత్త రూపంలో ఎదురవుతున్నది. పొలాల నడుమనున్న ఈ ఊరికి విమానాశ్రయం వచ్చింది. ప్రక్కనే కేసరపల్లిలో ఐటీ సంస్థలు వెలిశాయి. ఇంటినుండే ఉద్యోగం చేసుకొనే తల్లిదండ్రులకు, పిల్లలను కూడా ఇంటివద్దనే కంప్యూటరు పాఠాలతో చదివిస్తే ఏమన్న ఆలోచన కలగడం సహజం. 2020 మార్చిలో పాఠశాలలు మూతపడినప్పుడు అనేక గృహాలు ఈ పద్ధతిని బలవంతంగానైనా రుచి చూశాయి. దీని గుణదోషాలను పక్షపాతం లేకుండా విచారించడం అవసరం.

ముందుగా అనుకూల పక్షం. అధికారిభేదాన్ని మన శాస్త్రం అంగీకరించింది. అందరి బుద్ధీ ఒకే వేగంతో నడవదు. అరవైమంది కూర్చున్న తరగతిలో ఉపాధ్యాయుడు ఒక్క బాలుని కోసం ఆగలేడు. కంప్యూటరు ఆగుతుంది, అదే పాఠాన్ని పదిమార్లు చెప్పినా విసుగుకోదు. బస్సు ప్రయాణానికి వ్యయమయ్యే కాలం మిగిలితే ప్రాతఃకాలంలో సంధ్యావందనానికి, స్తోత్రపఠనానికి, సంగీతానికి, ఈ కృష్ణాతీరానికే చెందిన కూచిపూడి నాట్యానికి అవకాశం చిక్కుతుంది. మార్కుల పరుగుపందెంలో బాల్యం నలిగిపోకుండా ఉంటుంది. పరీక్షలకు మార్గమూ ఉన్నది. 1989లో స్థాపితమైన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదునాలుగేళ్లు నిండినవారు పదవతరగతి పరీక్ష వ్రాయవచ్చు. ఆరునుండి పదునాలుగేళ్ల బాలలకు ఉచిత నిర్బంధ విద్యను విధించిన 2009 నాటి చట్టం గృహవిద్యను పేరుపెట్టి ప్రస్తావించలేదు. కనుక ఈ మార్గం ఎంచుకొనేవారు ఆ విషయాన్ని ముందుగా తెలిసినవారితో విచారించుకోవాలి.

ఇక ప్రతికూల పక్షం. యంత్రం సమాధానాన్ని పరీక్షిస్తుంది, బాలుణ్ణి పరీక్షించదు. సరియైన మీట నొక్కినవాడు అర్థం తెలిసి నొక్కాడో, ఊహించి నొక్కాడో దానికి తెలియదు. పాణినీయ శిక్ష వ్రాతప్రతిని చూసి చదివేవానిని, అర్థం తెలియక చదివేవానిని అధమ పాఠకులలో చేర్చింది. వేదాధ్యయనంలో స్వరం తప్పితే గురువు అక్కడికక్కడే ఆపి దిద్దుతాడు. ఆ దిద్దుబాటులోనే వినయం అలవడుతుంది.

రెండవ దోషం చిత్తచాంచల్యం. పాఠమున్న తెరమీదనే ఆటలూ, వినోదాలూ ఉంటాయి. పెద్దలకే దుస్సాధ్యమైన ఇంద్రియనిగ్రహాన్ని ఎనిమిదేళ్ల బాలునినుండి ఆశించడం న్యాయం కాదు.

మూడవది సహాధ్యాయుల లేమి. సాందీపని ఆశ్రమంలో శ్రీకృష్ణునికి కుచేలుడు సహపాఠి అయినాడు. రాజకుమారుడూ, నిరుపేద బ్రాహ్మణుడూ కలిసి కట్టెలు తెచ్చి వానలో తడిసిన ఆ స్నేహం ఏ సాఫ్ట్‌వేరులోనూ లభించదు. చేతులకు పని లేకపోవడం కూడా లోపమే. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినప్పుడు పుస్తకవిద్యతోపాటు చేతిపనులకూ, చిత్రకళకూ స్థానం కల్పించారు. ప్రభుత్వ విద్యావిధానానికి ప్రత్యామ్నాయం వెదకిన ఆ మహనీయులు గురుశిష్య సాంగత్యాన్ని మాత్రం విడువలేదు.

అయితే సిద్ధాంతమేమి? ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని కథ ఇక్కడ దారి చూపుతుంది. గురువైన గౌతముడు అప్పగించిన నాలుగువందల బక్కచిక్కిన ఆవులను తోలుకొని అతడు అడవికి వెళ్లాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగి రాలేదు. ఆ కాలంలో వృషభం, అగ్ని, హంస, మద్గువనే నీటిపక్షి అతనికి బ్రహ్మవిద్యలో ఒక్కొక్క పాదం ఉపదేశించాయి. అంటే మానవేతరమైన బోధకులను ఉపనిషత్తు నిషేధించలేదు. కాని తిరిగివచ్చిన సత్యకాముడు, ఆచార్యుని నోట విన్న విద్యయే సార్థకమవుతుందని పలికి, గౌతముని ఉపదేశాన్నే కోరాడు. గౌతముడు అదే విద్యను లోపం లేకుండా మరల చెప్పాడు. విషయం మారలేదు. అంతకుముందే శిష్యుని ముఖంలోని తేజస్సును చూసి, ఎవరు బోధించారని అడిగినవాడు ఆ ఆచార్యుడే. ముఖం చూసి లోపలి స్థితిని గ్రహించే ఆ దృష్టి యంత్రానికి లేదు.

కనుక కంప్యూటరు గృహవిద్యలో వృషభంవలె, హంసవలె ఉండవచ్చు. ఆచార్య పీఠంమీద కూర్చోరాదు. శ్రవణానికి అది సాధనం. మననానికి ప్రశ్నించే మనిషి కావాలి. నిదిధ్యాసనానికి ఆచరించి చూపే గృహం కావాలి. ఈ మార్గం ఎంచుకొనే దంపతులు ప్రతిదినం ఒక గంటయైనా తెర ఆపి, బిడ్డ నేర్చినదాన్ని బిడ్డ నోటనే వినాలి. ఈ భారం తల్లి ఒక్కతెమీదనే పడకూడదు. వేదమో, సంగీతమో, నాట్యమో ఒక విద్యను గురుముఖతః నేర్పించాలి. సాయంకాలం తోటిపిల్లలతో ఆడనివ్వాలి. ఇవి సాధ్యం కాని గృహస్థులు సమీపంలోని మంచి పాఠశాలకే బిడ్డను పంపడం శ్రేయస్కరం. అందులో న్యూనత లేదు. ఖరీదైన పాఠ్యక్రమం కొని, ఉద్యోగవ్యగ్రతలో బిడ్డను తెరకు అప్పగించడం మాత్రం గృహవిద్య అనిపించుకోదు.

తల్లిదండ్రులు తమ శక్తినీ, తీరికనూ నిజాయితీగా తూచుకొని నిర్ణయించుకొందురు గాక.