అడుగు తడవకుండా... అడవిలోకి!

భద్రాచలం, కొత్తగూడెం అనగానే ఎవరికైనా ఎండలే గుర్తొస్తాయి. అలాంటి చోట చలికాలం బూట్ల గోలేమిటని నవ్వుకునేవాళ్లు డిసెంబరులో ఓ తెల్లవారుజామున చర్ల దాటి తాలిపేరు వైపో, పాల్వంచ నుంచి కిన్నెరసాని అడవిలోకో నడిచి చూడాలి. మోకాలెత్తు గడ్డి నిండా మంచు. వాన చినుకు లేకుండానే ప్యాంటు మోకాళ్ల దాకా తడిసిపోతుంది. ఆ తర్వాత వాగు. వాగు దాటితే బాడవ. కోతలైపోయిన మళ్లలో పైకి ఆరినట్టే కనిపించే మట్టి, కాలు మోపితే చీలమండ దాకా దిగబడుతుంది.

ఆ దారుల్లో రోజూ నడిచేవాళ్లున్నారు. అటవీశాఖ బీటు ఆఫీసర్లు, బేస్‌క్యాంపు సిబ్బంది, మందుల సంచీ భుజాన వేసుకుని గుత్తికోయల గూడేలకు వెళ్లే ఆశ కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, పంతుళ్లు. నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణనలో అయితే అడుగుజాడలు, పెంటికలు వెతుక్కుంటూ 5 కిలోమీటర్ల దారిని మళ్లీ మళ్లీ నడవాలి. అందుకే 'మావాడికి బీటు ఆఫీసరు ఉద్యోగం వచ్చింది, ఏ బూట్లు కొనాలి?' అన్నది చిన్న ప్రశ్నేం కాదు.

ముందో సంగతి. మన దగ్గర కాలికి చలి పుట్టించేది గాలి కాదు, నీరు. ఒంట్లోని వేడిని గాలికన్నా నీరు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. రాత్రి చలి 12, 15 డిగ్రీల దగ్గరే ఆగినా, తడిసిన మేజోడులో ఉన్న పాదం వణికిపోయేది అందుకే. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో రోజుల తరబడి నిలబడ్డ సైనికుల పాదాలు నాని, మొద్దుబారి, కుళ్లిపోయే దాకా వెళ్లాయి. నీళ్లు గడ్డకట్టేంత చలి లేకపోయినా అలా జరిగింది. నాట్లు వేసే ఆడవాళ్ల కాలివేళ్ల మధ్య తెల్లగా నాని ఒరిసిపోవడం మనం చూస్తూనే ఉంటాం. మధుమేహం ఉన్నవాళ్లకు అక్కడ పడిన చిన్న చీలిక చాలు, పుండై కూర్చుంటుంది.

మరి గంబూట్లు తొడిగేస్తే సరిపోదా? సగం పనికి సరిపోతుంది. ఈ గంబూటుకు ఇంగ్లిషువాళ్లు పెట్టుకున్న పేరు వెల్లింగ్టన్. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో టిప్పు సుల్తాను మీదికి వచ్చిన సేనలో ఉన్న ఆర్థర్ వెల్లెస్లీయే తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయ్యాడు. ఆయనవి తోలు బూట్లు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కాల్చి గట్టిపరిచే కిటుకు కనిపెట్టాక, 1853లో హైరమ్ హచిన్సన్ అనే ఆయన ఫ్రాన్సులో రైతుల కోసం రబ్బరు బూట్లు మొదలెట్టాడు. రైతుల కోసం! మన రైతు మాత్రం ఇప్పటికీ బురదలోకి ఒట్టి కాళ్లతోనే దిగుతున్నాడు. పక్కనే బొగ్గు గనిలోకి రక్షణ బూట్లు లేకుండా అడుగు పెట్టనివ్వరు, అది నిబంధన. పొలానికి అలాంటి నిబంధన పెట్టేదెవరు?

పొలం గట్టు, పశువుల కొట్టం, వరద తగ్గాక ఇంట్లో పేరుకున్న ఒండ్రు తోడుకోవడం... వీటికి గంబూటుకు మించింది లేదు. ఎలుక జ్వరం తెచ్చే సూక్ష్మజీవులు మురుగు నీటిలోంచి కాలి పగుళ్ల గుండానే లోపలికి వెళ్తాయి మరి. కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు చూడండి. రబ్బరు బూట్లకు ఐఎస్ 5557, పీవీసీవాటికి ఐఎస్ 12254. పీవీసీ చవక, కానీ చలికి బిరుసెక్కుతుంది, నాచు పట్టిన రాయి మీద జారుతుంది. డబ్బు కాస్త ఎక్కువైనా రబ్బరే నయం. అడుగు భాగంలో గాడులు లోతుగా, ఎడంగా ఉండాలి. దగ్గర దగ్గరగా ఉంటే నల్లరేగడి వాటిలో ఇరుక్కుని బూటు ఇనప గుండవుతుంది.

అయితే గంబూటుతో పది కిలోమీటర్లు నడవమంటే మాత్రం శిక్షే. మడమ లోపల ఆడుతుంది, చెమట బయటికి పోదు. అన్నిటికన్నా చిక్కు వాగు దగ్గర. నీరు బూటు అంచు దాటి లోపలికి వచ్చిందా, ఇక బకెట్టు కాళ్లకు కట్టుకున్నట్టే. అమెరికా సైన్యం వియత్నాం చిత్తడి అడవుల్లో వాడిన బూటుకు అందుకే పక్కన చిన్న చిల్లులు పెట్టింది. పైన క్యాన్వాసు. నీళ్లు వస్తాయి, అడుగేస్తుంటే బయటికి పోతాయి. నీరు రానివ్వని బూటుకన్నా వచ్చిన నీటిని పోనిచ్చే బూటు మేలన్నమాట! తాలిపేరు, కిన్నెరసాని వాగులు దాటేవాళ్లకు నా ఓటు చీలమండ పైదాకా వచ్చే క్యాన్వాసు జంగిల్ బూటుకే.

అమెరికా నుంచి అబ్బాయి పంపిన 'వాటర్‌ప్రూఫ్' ట్రెక్కింగ్ షూ ఉందా? మంచు గడ్డిలో నడకకు భేషుగ్గా ఉంటుంది. దానిలోని సన్నని పొర నీటి చుక్కను ఆపి, చెమట ఆవిరిని బయటికి పంపుతుంది. బయట గాలే ఉక్కపోతగా ఉంటే ఆ ఆవిరి కదలదు. లోపల నిండా తడిస్తే ఆరడానికి రెండు రోజులు.

వెచ్చదనం సంగతి మేజోడు చూసుకుంటుంది. నూలుది వద్దు, తడిస్తే ఆరదు. ఉన్ని కలిసినది తడిసినా కొంత వేడి నిలుపుతుంది. ఓ జత ప్లాస్టిక్ కవరులో చుట్టి సంచిలో ఉంచుకోవాలి, వాగు దాటాక మార్చుకోవడానికి. బూట్లు సాయంత్రం పూట, ఆ మేజోళ్లు తొడుక్కునే కొనండి. పొద్దంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. వేళ్లను ముందుకు జరిపితే మడమ వెనక ఓ వేలు పట్టాలి. దిగుడు దారిలో బొటనవేలి గోరు నల్లబడకుండా కాపాడేది ఆ ఖాళీయే.

తడిసిన బూట్లను పొయ్యి పక్కన పెట్టకండి. తోలు పగులుతుంది, అతుకు ఊడుతుంది. లోపల పాత పేపరు కుక్కి నీడన ఆరబెట్టాలి. (చదవడం అయిపోయాక ఈ అనుబంధమూ పనికొస్తుంది, మాకేం అభ్యంతరం లేదు.) రాత్రి కర్రకు తలకిందులుగా తగిలించడం, పొద్దున తొడిగేముందు దులపడం మరవద్దు. తేలు, పాము దూరడానికి అంతకన్నా వెచ్చని చోటేముంది? మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లయితే దులిపాక రాయో ముల్లో ఉందేమో చూసుకోవాలి.

పాము మాట వచ్చింది కనుక... 2000 నుంచి 2019 దాకా ఇరవయ్యేళ్లలో దేశంలో పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఓ అధ్యయనం లెక్క కట్టింది. మరణాలు ఎక్కువున్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. రక్తపింజర, నాగుపాము కాట్లు ఎక్కువగా పడేది కాళ్ల మీదే కాబట్టి, మోకాలి కిందిదాకా ఉండే బూటు ప్రాణం కాపాడవచ్చు. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రిపూట కరిచే కట్లపాముకు మాత్రం బూటు అడ్డురాదు. దానికి మంచం, దోమతెర ఉండాలి. ఒకవేళ కాటు పడితే కాలు వాచక ముందే బూటు విప్పేయండి. తాడు బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం వద్దు. కాలు కదపకుండా పడుకోబెట్టి 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి చేర్చండి.