ఒక సున్నా - ఒక ప్రాణం

బడిపిల్లవాడి వ్రాతలో తప్పు దొర్లితే మార్కులు తగ్గుతాయి. పట్టాదారు పుస్తకంలో తప్పు దొర్లితే ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి దిద్దించుకోవచ్చు. ఆసుపత్రి కాగితంలో తప్పు దొర్లితే మాత్రం దిద్దుకునే వ్యవధి ఉండకపోవచ్చు. తప్పు తెలిసేలోగానే మందు ఒంట్లోకి వెళ్లిపోతుంది.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జరిగిన సంఘటనే ఇందుకు నిదర్శనం. 2008లో అక్కడి ఒక ఆసుపత్రి నుంచి చక్కెర వ్యాధి ఉన్న ఒక మహిళను మరో వైద్య కేంద్రానికి పంపించారు. ఆమెకు ఇవ్వవలసిన ఇన్సులిన్ 8 యూనిట్లు. వెంట వెళ్లిన కాగితంలో పడింది 80 యూనిట్లు. అక్కడివారు కాగితాన్ని నమ్మి ఇంజక్షన్ చేశారు. ఆమె మరణించింది. 2012లో జ్యూరీ ఆమె కుటుంబానికి 14 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది. డాక్టరు నోటితో చెప్పిన మాటలను విని టైపు చేసే పని ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి చేతులు మారి, చివరికి భారతదేశంలోని కంపెనీలకు చేరిందని విచారణలో బయటపడింది. టైపయిన కాగితాన్ని డాక్టరు సరిచూడకుండానే రోగి వెంట పంపించారు.

ఈ పనినే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. 1990ల చివరి నుంచి హైదరాబాదులో ఎందరో యువతీయువకులు దీన్ని నేర్చుకుని ఉపాధి పొందారు. ఇప్పుడు చాలాచోట్ల యంత్రమే మాటను విని టైపు చేస్తోంది. మనిషి కూర్చుని దాన్ని దిద్దుతున్నాడు. వినేది మనిషైనా, యంత్రమైనా చిక్కు ఒకటే. ఇంగ్లీషులో ఫిఫ్టీన్ అంటే 15, ఫిఫ్టీ అంటే 50. హడావుడిగా పలికితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. మింగడం కష్టమైతే డిస్ఫేజియా, మాట తడబడితే డిస్ఫేసియా. హైపర్ టెన్షన్ అంటే రక్తపోటు ఎక్కువ, హైపో టెన్షన్ అంటే తక్కువ. వినడానికి తేడా స్వల్పం. వైద్యం మాత్రం ఒకదానికి తగ్గించడం, రెండోదానికి పెంచడం.

అందుచేతనే ఈ వ్రాతకు కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ అనే సంస్థ 2004లో కొన్ని పొడి అక్షరాలను వాడరాదని నిషేధించింది. యూనిట్ అనే మాటకు బదులు 'యు' అనే ఇంగ్లీషు అక్షరం వ్రాయకూడదు. చేతివ్రాతలో అది సున్నాలా కనిపించి 4 యూనిట్లు కాస్తా 40 అవుతాయి. 5 అని వ్రాయవలసిన చోట 5.0 అని వ్రాయకూడదు. చుక్క చెరిగిపోతే అది 50 అవుతుంది. అర మిల్లీగ్రాముకు చుక్క పెట్టి 5 వేస్తే చాలదు, ముందు సున్నా ఉండాలి. ఇవి చాదస్తాలు కావు. ఒక్కొక్క నియమం వెనుక రోగులు పడిన అవస్థ ఉంది.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనుకోరాదు. మన పల్లె నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి పట్నానికి వెళ్లే రోగి చేతిలోనూ ఉండేది ఒక కాగితమే. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితాన్ని ఇక్కడా ఒకరు వ్రాసిందో, చెప్పిందో మరొకరు టైపు చేస్తారు. పాత రోగి కాగితాన్నే తెర మీదకు తెచ్చి పేరూ వయసూ మార్చే అలవాటు కూడా కొన్నిచోట్ల ఉంది. పేరు మారి మందు మారకపోతే జరిగే అనర్థం వేరే చెప్పనక్కరలేదు.

థైరాయిడ్ మాత్రల మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. దాన్ని మిల్లీగ్రాములని వ్రాస్తే వెయ్యి రెట్లు తేడా. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున ప్రతిరోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఓ.డి. అంటే రోజుకొకసారి అని ఒక డాక్టరు వ్రాస్తారు. కంటి డాక్టరు కాగితంలో అవే అక్షరాలకు కుడి కన్ను అని అర్థం. ఇక ఇన్సులిన్ విషయంలో మరో మెలిక ఉంది. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లున్న మందూ దొరుకుతుంది, 100 యూనిట్లున్నదీ దొరుకుతుంది. దేని సిరంజి దానికే. 40 మందుకు ఎర్ర మూత సిరంజి, 100 మందుకు నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 మందును ఎర్ర మూత సిరంజితో ఎక్కిస్తే రెండున్నర రెట్లు ఎక్కువ పడుతుంది. ఈ ముక్క ఎన్ని డిశ్చార్జి కాగితాల్లో కనిపిస్తోంది?

చట్టం లేక కాదు. మందుల అసలు పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాల్లో వ్రాయాలని భారత వైద్య మండలి 2016లో డాక్టర్లను ఆదేశించింది. చదవడానికి వీలైన మందుల చీటీ పొందడం రోగికి రాజ్యాంగం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని పంజాబ్-హర్యానా హైకోర్టు 2025లో స్పష్టం చేసింది. ఉత్తర్వులు ఉన్నా ఆచరణ లేకపోవడం శోచనీయం.

డాక్టర్ల వైపు నుంచీ ఆలోచించాలి. ఉదయం ఓ.పి.లో బారులు తీరిన జనాన్ని చూస్తూ ఒక్కొక్క అక్షరం దిద్ది వ్రాయడం తేలిక కాదు. తగినంతమంది డాక్టర్లనూ, టైపు చేసేవారినీ నియమించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. టైపు చేసేవారికి వైద్య పదాలలో తర్ఫీదు ఇవ్వాలి. నెలకింత అని జీతమిచ్చి, రోజుకిన్ని కాగితాలు కావాలని తరిమితే తప్పులు రాక ఏమవుతాయి? అయినా ఒక పనిని మాత్రం ఏ వంకతోనూ మానడానికి వీల్లేదు. సంతకం పెట్టే డాక్టరు ఆ కాగితాన్ని ఒకసారి తన కళ్లతో చదవాలి. చదవకుండా పెట్టిన సంతకం రోగికి రక్షణ కాదు. అలబామాలో ఆ ఒక్క నిమిషం వెచ్చించి ఉంటే 8 ఎనభై అయ్యేది కాదు.

రెండవది, కాగితం చివర నాలుగు పంక్తులు తెలుగులో ఉండాలి. ఏ మాత్ర, ఏ పూట, తిండికి ముందా తర్వాతా, ఎన్ని రోజులు అన్నవి చాలు. ఇన్సులిన్ వంటి మందులకు అంకె పక్కన అక్షరాల్లో కూడా వ్రాయాలి. బ్యాంకు చెక్కు మీద రూపాయలను అంకెల్లోనూ అక్షరాల్లోనూ వ్రాస్తున్నాం. డబ్బుకు ఉన్నపాటి జాగ్రత్త ప్రాణానికి ఉండవద్దా?

మూడవది రోగి, రోగి బంధువులు చేయవలసింది. కాగితం చేతికి రాగానే మడిచి సంచిలో పెట్టుకోరాదు. "అయ్యా, ఈ మందు రోజుకు ఎన్నిసార్లు? ఇది రోజూనా, వారానికొకసారా?" అని అక్కడే అడగాలి. పేరు, వయసు, ఏ వైపు కాలో ఏ వైపు కన్నో సరిగా ఉన్నదీ లేనిదీ చూసుకోవాలి. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే పాత కాగితాన్నీ కొత్త కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూడమనాలి. మోతాదు ఒక్కసారిగా మారితే మందు మింగక ముందే డాక్టరునో, మందుల దుకాణంలో ఫార్మసిస్టునో అడగాలి. అడిగితే విసుక్కుంటారన్న భయం వద్దు. అడగడం రోగి హక్కు, చెప్పడం వారి విధి.

జిల్లా వైద్యాధికారులు ఈ విషయమై శ్రద్ధ వహించి, ప్రభుత్వ ఆసుపత్రులలోనూ ప్రైవేటు ఆసుపత్రులలోనూ డిశ్చార్జి కాగితాలను అప్పుడప్పుడు తనిఖీ చేయించడం అవసరం. దీనికి కోట్ల రూపాయల యంత్రాలు అక్కరలేదు. చదివి సంతకం పెట్టే డాక్టరు, నాలుగు తెలుగు పంక్తులు ఉంటే చాలు.