మంచం పట్టిన తల్లికి ఇంటివద్దే సేవ అందాలి

పాశమైలారం కర్మాగారాల షిఫ్టులకు కొడుకూ కోడలూ వెళ్ళిపోతే, పక్షవాతంతో మంచం పట్టిన తల్లిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పేదెవరు? తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి.

2024 నుండి డెబ్బై ఏళ్ళు నిండినవారికి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తున్నది. అయితే అది ఆసుపత్రిలో చేరినవారికే. మంచం పట్టినవారిని ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వెళ్ళి చూడాలని, సంరక్షణ విధానం కుటుంబానికి నేర్పాలని 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమం చెబుతున్నది. మీ ఉపకేంద్రంలోని ఏఎన్ఎమ్‌ను అడగండి. సలహాకు 14567 వృద్ధుల సహాయవాణి ఉన్నది.

అయినా అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతే చాలదు. సంగారెడ్డి, పటాన్‌చెరు వంటి చోట్ల రోజూ వచ్చే శిక్షణ పొందిన సహాయకులకు ప్రభుత్వమే వేతనమివ్వాలి. పుండు పడ్డాక చికిత్సకు పెట్టే సొమ్ము, పడకముందే సేవకు పెట్టడం మేలు కాదా?