ఎస్పీ బాలు.. ఎక్మో: ఆ లెక్కలు చెప్పేదేంటి?

ఎస్పీ బాలు ఆఖరి రోజులు గుర్తుచేసుకుంటే పాటతో పాటు ఇంకో మాట కూడా గుర్తొస్తుంది.. ఎక్మో. అసలు దాని మీద పెట్టుకున్న ఆశ ఎంతవరకు నిజం?

1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'తో మొదలైన గొంతు అది. 4 భాషల్లో కలిపి 6 జాతీయ అవార్డులు. 2020 ఆగస్టు 5న తనకు కరోనా స్వల్పంగానే ఉందని ఆయనే వీడియోలో చెప్పారు. తర్వాత వెంటిలేటర్, ఎక్మో. సెప్టెంబర్‌లో నెగెటివ్ అనగానే అభిమానులు ఊపిరి పీల్చుకున్నారు. కానీ వైరస్ పోయినంత మాత్రాన దెబ్బతిన్న ఊపిరితిత్తులు బాగైనట్టు కాదు. సెప్టెంబర్ 25న, 74 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

సరిగ్గా అదే రోజు లాన్సెట్‌లో ఓ అధ్యయనం వచ్చింది. 36 దేశాల్లోని 213 ఆస్పత్రులు, ఎక్మో పెట్టిన 1,035 మంది కరోనా పేషెంట్లు. 90 రోజుల్లో మరణాలు సుమారు 37 శాతమని అంచనా. అయితే వీళ్లలో సగం మంది 50 ఏళ్ల లోపువాళ్లే. వయసు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది. 2021లో అదే రిజిస్ట్రీ డేటా చూస్తే, 2020 మే తర్వాత ఎక్మో పెట్టినవాళ్లలో మరణాలు సగం దాటాయి.

ఎక్మో రోగాన్ని తగ్గించదు. రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి తిరిగి పంపుతుంది. ఊపిరితిత్తులు కోలుకోవడానికి టైమ్ ఇస్తుంది, అంతే.

అందుకే 'ఎక్మో పెట్టారంటే ఇక అంతే' అన్నా తప్పే, 'గండం గడిచినట్టే' అన్నా తప్పే. మనవాళ్లకు ఆ పరిస్థితి వస్తే డాక్టర్‌ని ఇవి అడగాలి: ఈ వయసులో ఛాన్స్ ఎంత? ఈ ఆస్పత్రిలో ఇప్పటిదాకా ఎంతమందికి పెట్టారు, ఎంతమంది ఇంటికెళ్లారు?