సంగీత సంస్థలు – శ్రోతల యిక్కట్లు

వర్తకుడు తన కొట్టును ఒక వీథినుండి మఱియొక వీథికి మార్చుకొనదలచినచో అడ్డుపెట్టువారెవ్వరును లేరు. పూర్తిగ మూసికొనదలచినను అది యాతని యిష్టము. కాని ఆ కొట్టులో ఇతరులు దాచుకొన్న సొమ్మున్నయెడల, తలుపునకు తాళము వేయకమునుపే ఎవరి సొమ్ము వారికి ఎప్పుడు, ఎచ్చట, ఏ రూపమున ముట్టునో స్పష్టముగ చెప్పుట ఆతని విధి. ఇది గ్రామమందలి చిల్లరకొట్టువానికిని తెలిసిన నీతి. ప్రపంచమునంతటిని తమ యంగడిగ చేసికొన్న సంగీత సంస్థలకు మాత్రము ఈ నీతి యింకను పట్టువడినట్లు కానరాదు.

ఈ విషయము పట్టణవాసుల విలాసమునకు సంబంధించినదని కొందఱు తలంపవచ్చును. అట్లు కాదు. నెల్లికుదురు మండలమందలి రైతునకు, కూలికి, ఆటో నడుపువానికి నేడు ఫోనే రేడియో, ఫోనే గ్రామఫోను, ఫోనే భజనమందిరము. చేనికి నీరు పెట్టుచు వినునది దానియందే. పొట్టకూటికై హైదరాబాదునకో, దుబాయికో పోయిన కుమారుడు తన యూరి పాటను వినునదియు దానియందే. జనగామ జిల్లా మాణిక్యాపురమునకు చెందిన ఒగ్గుకథా చక్రవర్తి చుక్క సత్తయ్యగారు 2017లో గతించిరి. ఆయన గళమును ఇప్పుడు వినవలెనన్నచో నిలిపియుంచిన ధ్వనియే శరణ్యము. అట్టి ధ్వని యెవరి చేతిలో నున్నదో, ఆ చేయి ఎప్పుడు ముడుచుకొనునో తెలియనప్పుడు, ఇది విలాసమెట్లగును?

పూర్వమును మార్పులు లేకపోలేదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు రికార్డు పోయి లాంగ్‌ప్లే వచ్చెను. అది పోయి కేసెట్టు, కేసెట్టు పోయి సీడీ వచ్చినవి. కాని క్రొత్తది వచ్చినంతమాత్రమున పాతది మన యింటినుండి లేచిపోలేదు. కంపెనీ రికార్డులు చేయుట మానినను, తాత కొన్న రికార్డు మనుమని యింట పలుకుచునే యుండెను. తరువాత మెమరీకార్డులో పాటలు ఎక్కించు దుకాణములు బయలుదేరినవి. చేతిలోనికి వచ్చినది చేతిలోనే యుండెను. ఇప్పటి మార్పు ఈ తీరుది కాదు. పాట మన యింట లేదు. సంస్థ యింట నున్నది. మనకున్నది తలుపు తెఱచి వినుటకు అనుమతి మాత్రమే. సంస్థ ఇల్లు మారినచో మన పాటయు దానివెంట కదలును. కదలుచున్న సంగతి మనకు చివరకు తెలియును.

ఇందుకు గూగుల్ సంస్థ చేసిన మార్పును చూడుడు. ప్లే మ్యూజిక్ అను సేవద్వారా ఆ సంస్థ 2016లో మన దేశమున పాటల నమ్మకమును ప్రారంభించెను. 2017లో నెలచందా పెట్టెను. చందాదారు తన సొంత పాటలను 50,000 వఱకు అందు దాచుకొనుటకును వీలుండెను. 2018 మే నెలలో అదే సంస్థ యూట్యూబ్ మ్యూజిక్ అను సేవను క్రొత్తరూపున వెలువరించి, మొదటిది క్రమముగ దీనికి చోటిచ్చునని సూచించెను. ఎప్పుడు? ఏ దినమున? క్రొత్తదానిలో పాత సదుపాయములన్నియు నుండునా? రెండేండ్ల వఱకు నిర్ణయమైన సమాధానము లేదు. 2019 మార్చిలో క్రొత్త సేవ మన దేశమునకు వచ్చెను. పాతదియు తెఱచియే యుండెను. ఒక్క యజమానికి రెండు కొట్లు, రెంటియందును ఒక్కటే సరకు. ఏది నిలుచునో కొనువానికి తెలియదు. తుదకు 2020 మేలో పాటలను తరలించు సాధనమును, ఆగస్టులో మూసివేత గడువును ప్రకటించిరి. 2021 ఫిబ్రవరి 24 తరువాత, తరలింపక మిగిలినదంతయు తుడిచివేయబడునని తెలిపిరి.

తరలించు సాధనము నిచ్చుట మంచిదే. న్యాయముగ ఆ మాట చెప్పవలెను. కాని తరలివచ్చినవానికి క్రొత్త యింట కనబడినదేమి? పాటను వెలయిచ్చి కొనుటకు అచ్చట కొట్టే లేదు. చందా కట్టనివాడు సంస్థ పాటను వినుచు ఫోను తెఱ ఆర్పినచో పాట ఆగిపోవుచుండెను. ఇంకొక విచిత్రము కలదు. పాత సేవలో ప్రసంగములు వినువారిని గూగుల్ పాడ్‌కాస్ట్స్ అను వేఱొక సేవకు తరలుడనిరి. 2024లో ఆ సేవయు మూతపడగా, వారిని తిరిగి యూట్యూబ్ మ్యూజిక్‌నకు పొమ్మనిరి. నాలుగేండ్లలో రెండు మాఱులు మూట గట్టుకొని వీథి పట్టవలసిన బాటసారివలె నాయెను శ్రోత పని!

విదేశీ సంస్థలే యిట్లు చేయుననుకొనుట పొరపాటు. 2018లో జియో మ్యూజిక్, సావన్ రెండును కలిసి జియోసావన్ అయినవి. ప్రకటనలు విని ఉచితముగ పాటలు వినువారిని ఏండ్ల తరబడి చేరదీసిన గానా, 2022లో చందాదారులకు మాత్రమే తలుపు తెఱచెను. 2014లో ఎయిర్‌టెల్ స్థాపించిన వింక్ మ్యూజిక్ మూతపడనున్నదని 2024 ఆగస్టులో ప్రకటన వెలువడెను. ఎయిర్‌టెల్ ఖాతాదారులకు ఆపిల్ సంగీతసేవ లభించుననిరి. ఇట్టి ప్రకటన వినిన పల్లెటూరి శ్రోతకు కలుగు ప్రశ్నలు నాలుగే: నేను కూర్చుకొన్న పాటల పట్టీ ఏమగును? కట్టిన చందాలో మిగిలిన దినముల సంగతి యేమి? నా పాత ఫోనులో క్రొత్త సేవ పలుకునా? నా తెలుగు పాటలన్నియు అచ్చట నున్నవా? ఈ నాలుగింటికి నాలుగు వాక్యములలో, తెలుగున సమాధానము చెప్పుట అంత భారమా?

వినువారికే కాదు, పాటను చేయువారికిని ఈ బాధ తప్పలేదు. వరంగల్లు, హైదరాబాదు నగరములందు చిన్న గదులలో జానపదగీతములను ముద్రించు యువకులు నేడు ఎందఱో కలరు. వారి వాద్యములలో సగము కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్లే. ధ్వనిని తీర్చిదిద్దు సాఫ్ట్‌వేర్లు చేయు వేవ్స్ అను సంస్థ 2023 మార్చిలో, ఒక్కసారి కొని యెల్లకాలము వాడుకొను పద్ధతిని ఎత్తివేసి, ఇకముందు చందా మాత్రమే యనెను. స్వరములు వ్రాయుటకు 35 ఏండ్లుగ సంగీతజ్ఞులు వాడుచున్న ఫినాలే అను సాఫ్ట్‌వేరును 2024 ఆగస్టులో దాని సంస్థ నిలిపివేసెను. ఒక యేడాది గడచిన పిదప క్రొత్త కంప్యూటరులో దానిని తెఱచుటకు అనుమతి దొరకదనియు మొదట ప్రకటించెను. అనగా తాను కట్టిన కృతిని తన కంప్యూటరు చెడినచో తానే తెఱచి చూడలేని దుర్గతి!

అయితే ఈ రెండు కథల ముగింపు గమనింపదగినది. ప్రపంచమునలుమూలల సంగీతజ్ఞులు గట్టిగ నిరసింపగా, వేవ్స్ సంస్థ కొలది దినములలోనే పాత పద్ధతిని పునరుద్ధరించెను. ఫినాలే యజమానులును వెంటనే తమ మాటను సవరించుకొని, కొన్నవారికి అనుమతులు గడువులేక సాగునని చెప్పిరి. అంతకు పూర్వము 2008లో మైక్రోసాఫ్టు తాను అమ్మిన పాటలకు అనుమతులిచ్చు యంత్రములను ఆపివేయుదునని ప్రకటించి, కొన్నవారు మొఱవెట్టగా 2011 వఱకు గడువు పొడిగించెను. అడిగినవారికి దొరికినది, అడుగనివారికి ఏమియు దొరకదు. ఇదియే యీ చరిత్ర నేర్పు పాఠము.

సంస్థలు తమవైపు చెప్పుకొను మాట లేకపోలేదు. ఉచితముగ వినువారు వేలకువేలు, చందా కట్టువారు కొందఱు. రికార్డు కంపెనీలకు కట్టవలసిన రుసుములు భారము. నష్టమున నడచు కొట్టును ఎంతకాలము తెఱచియుంచగలము అని వారు ప్రశ్నింతురు. ఈ మాటలో నిజము కలదు. మూయవలదని మేమును అనుట లేదు. మూసిన విధమును మాత్రమే ప్రశ్నించుచున్నాము. 2012లో ఫ్లిప్‌కార్ట్ సంస్థ ఫ్లైట్ అను పేర పాటల కొట్టు పెట్టి, మఱుసటి యేడే మూసెను. కాని ముందుగ దినము చెప్పెను. ఆ పాటలకు తాళములు లేనందున, దింపుకొన్నవారి పాటలు వారివద్దనే నిలిచినవి. నష్టపడియు మర్యాదగ మూయవచ్చుననుటకు ఇది నిదర్శనము. ఇందొక అన్యాయమును మఱువరాదు. దుకాణమున పది రూపాయలకు దొంగపాటలు ఎక్కించుకొన్నవాని కార్డు నేటికిని పలుకుచుండగా, న్యాయముగ నెలనెలా చందా కట్టినవాడు మార్పువచ్చినప్పుడెల్ల చేతులు నులుముకొనవలసివచ్చుచున్నది. ధర్మముగ నడచువానికే శిక్షపడు వర్తకము ఎన్నాళ్లు నిలుచును?

మార్పును ప్రకటించు విధము తెలియనిచో మన యెదుటనే ఒక దృష్టాంతము కలదు. 2016లో తెలంగాణమున జిల్లాలను మార్చినప్పుడు ఆగస్టు 22న ముసాయిదా ప్రకటించి, అభ్యంతరములు తెలుపుటకు 30 దినముల గడువిచ్చిరి. అక్టోబరు 11న క్రొత్త జిల్లాలు వెలసెను. నెల్లికుదురు మండలము వరంగల్లు జిల్లానుండి మహబూబాబాదు జిల్లాలో చేరెను. ఆ విభజన అందఱకు నచ్చినదని మేమనము. కాని ఏ మండలము ఎచ్చట చేరునో పేరుపేరునా వ్రాసి, మీ మాట యేమని యడిగిరి. కోట్లమంది ప్రజల కచేరీలను మార్చు ప్రభుత్వము చేయగలిగిన పనిని, పాటల పట్టీలను మార్చు సంస్థ చేయలేదా?

కావున మా కోరిక లివి. మూయుటకు ఆఱు నెలలు ముందుగ దినమును ప్రకటింపవలెను. ఆ ప్రకటన శ్రోత వాడు భాషలో, తెలుగువారికి తెలుగులో నుండవలెను. ఏది పోవును, ఏది నిలుచును అనునది పట్టికగ చూపవలెను. కొన్న పాటలను, కూర్చిన పట్టీలను ఏ యంత్రమందైనను పలుకు రూపమున దింపుకొననీయవలెను. మిగిలిన చందాను అడుగకయే తిరిగి యీయవలెను. క్రొత్త యిల్లు సిద్ధము కాకుండ పాత యింటికి తాళము వేయరాదు. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. ఐరోపా దేశములలో 2022 జనవరినుండి అమలునకు వచ్చిన నియమములు, ఒప్పందము రద్దయినప్పుడు వినియోగదారు తాను ఎక్కించినదానిని సాధారణ రూపమున తిరిగి పొందు హక్కును ఇచ్చినవి. అనుమతిని మాత్రమే యిచ్చుచు, ఆ సంగతి తెలుపక "కొనుడు" అని వ్రాయరాదని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో చట్టము చేసెను.

మనకును సాధనము లేకపోలేదు. 2019 వినియోగదారుల రక్షణచట్టము క్రింద, రుసుము చెల్లించి పొందిన సేవయందలి లోపముపై, తాను నివసించు ప్రాంతమున అధికారముగల జిల్లా కమిషనులోనే ఫిర్యాదు చేసికొనవచ్చును. సంస్థ ప్రధానకార్యాలయమున్న నగరమునకు పరుగులిడ నక్కఱలేదు. 1915 అను సంఖ్యకు ఫోను చేసి మొఱపెట్టుకొనవచ్చును. చట్టము పుస్తకమందున్నంతమాత్రమున ఫలమీయదు. వాడినవానికే అది చుట్టము.

మన కర్తవ్యమును కొంత కలదు. తన తల్లి పాడిన బతుకమ్మ పాటను, ఊరి ఒగ్గుకళాకారుని కథను ఒక్క సంస్థ యింటనే దాచి నిశ్చింతగ నుండువాడు, విత్తనములన్నియు పొరుగువాని గాదెలో పోసిన రైతువంటివాడు. ఒక ప్రతి యింట నుంచుకొనుడు. ఊరి పఠనమందిరమందు మఱియొక ప్రతి నుంచుడు. చందా కట్టునప్పుడు పాట యెట్లున్నదని మాత్రమే కాక, రేపు మీరు మూసినచో నా పట్టీ యెట్లు తిరిగివచ్చునని అడుగుడు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పలేని సంస్థ చేతిలో మన పాటను పెట్టవలదు.