ఊళ్ళ మీదుగా పడవ

సోమశిల రేవులో లాంచీ ఎక్కబోతూ మా అమ్మ చెప్పులు విడిచి చేత పట్టుకున్నది. "ఇది పడవ అమ్మా, గుడి కాదు" అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. చెప్పులను చీరకొంగు చాటున పెట్టుకుని ఒక మూల కూర్చున్నది. అప్పటికి నాకు అర్థం కాలేదు.

సోమశిల నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊరు, 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లాలోనిది. కొల్లాపురం నుంచి పది కిలోమీటర్ల దూరం. శ్రీశైలం జలాశయపు వెనుకజలాలు ఇక్కడ కొండల నడుమ పరచుకుని ఉంటాయి. నీరు నిండుగా ఉన్న కాలంలో నల్లమల మధ్యగా శ్రీశైలానికి లాంచీ ప్రయాణం కూడా ఉన్నది. పట్నం నుంచి వచ్చేవారు ఫొటోలు దిగుతారు, రేవు దగ్గర వేయించిన చేపలు తింటారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. నేనూ భార్యాబిడ్డలతో అందుకే వెళ్ళాను. అమ్మను వెంట తీసుకుపోవడం ఒక్కటే తేడా.

లాంచీ రేవు దాటిన కొంతసేపటికి అమ్మ నడిపే కుర్రవాడిని పిలిచి తన పుట్టిన ఊరి పేరు చెప్పింది. "నాయనా, గది ఏ దిక్కుంటది?" అన్నది. వాడికి పాతికేళ్ళు కూడా ఉండవు. ఆ ఊరు నీట మునిగేనాటికి వాడి తండ్రే చిన్నపిల్లవాడై ఉంటాడు. తెలియదంటాడనే అనుకున్నాను.

"తెల్వకేంది పెద్దమ్మా! గా గుట్ట మూలకు. మేం గాడ వలలేస్తం. బొచ్చెలు బాగ పడ్తయ్. గోడలకు తట్టి వలలు చినుగుతయ్, గంతే."

అమ్మ ఆ గుట్ట వైపు చూస్తూ ఉండిపోయింది. చెప్పులు ఎందుకు విడిచిందో అప్పుడు తెలిసింది.

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జూలైలో నెహ్రూ శంకుస్థాపన చేశారు. ముంపు ఊళ్ళను ఖాళీ చేయించడం ప్రధానంగా 1981లో జరిగింది. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో దాదాపు వంద గ్రామాలు, లక్షమంది మనుషులు. మా తాతగారు ఎడ్లబండి మీద తెచ్చుకోగలిగినది ఇంటి దర్వాజ, నాలుగు దూలాలు. ఆ దర్వాజ నేటికీ మా మేనమామ ఇంటికి ఉన్నది. ముంపు కుటుంబంలో ఒకరికి ప్రభుత్వ ఉద్యోగమిచ్చేందుకు 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. దాని అమలు కోసం నిర్వాసితులు దశాబ్దాలపాటు తిరిగారు. ఈ ప్రాంతంలో "తొంభైఎనిమిది జీవో" అనే మాట తెలియని ఇల్లుండదు.

మధ్యాహ్నం కొల్లాపురం చూడబోయాము. సురభి వంశపు ప్రభువులు జటప్రోలు నుంచి రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. 'చంద్రికా పరిణయము' వంటి ప్రౌఢ ప్రబంధాన్ని రచించిన మాధవరాయలు ఆ వంశంవాడే. (ఆ కావ్యం చదవడానికి కూర్చుని రెండుమార్లు ఓడిపోయినవాణ్ణి నేను.) ఊళ్ళోని మాధవస్వామి ఆలయం నిజానికి ఈ ఊరిది కాదు. కృష్ణ ఒడ్డున మంచాలకట్టలో ఉండేది. విష్ణుమూర్తి ఇరవైనాలుగు రూపాలను అక్కడ తీరికగా చూడవచ్చు. మా అబ్బాయి లెక్కపెట్టడానికి ప్రయత్నించి మధ్యలో తప్పిపోయాడు. ఆ ఆలయాన్ని విప్పి, ఇక్కడికి తరలించి తిరిగి నిలబెట్టారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి చేర్చిందీ, జటప్రోలు మదనగోపాలస్వామికి కొత్త చోటు చూపిందీ ఈ విధంగానే. ఏ రాయి ఎక్కడిదో మరచిపోకుండా అంకెలు వేసి, పటాలు గీసి, తిరిగి అదే వరుసలో పేర్చడం ఎంత ఓర్పుతో కూడిన పనో ఊహించండి. ఆ పని చేసినవారికి చేతులెత్తి నమస్కరించాలి.

నా బాధ అదే. అంత ఓర్పు రాతిమీద చూపగలిగిన మనకు, ఊళ్ళ పేర్ల జాబితా ఒకటి రేవులో నిలబెట్టే ఓర్పు లేకపోయింది. ఏ ఊరు ఎక్కడుండేదో చెప్పే ఫలకం రేవులో నేను వెతికినంత మేరకు కనబడలేదు.

నల్గొండ జిల్లా వైపు నాగార్జునసాగర్‌లోనూ ఇదే కథ. 1954 నుంచి 1960 దాకా తవ్వి, ఇక్ష్వాకుల విజయపురిని వెలికితీసి, తర్వాత నీటికి అప్పగించారు. ఇప్పుడు పడవ మీద కొండకు వెళ్ళి, మ్యూజియంలో మునిగిన కట్టడాల నమూనాలు చూసి వస్తాము. పదిహేడు వందల ఏళ్ళనాటి వీరపురుషదత్తుడి పేరు మన పిల్లలకు చెబుతున్నాము, చెప్పవలసిందే. అదే నీటిలో మునిగిన మొన్నటి పల్లెల పేర్లు ఎవరు చెబుతారు?

ప్రాజెక్టు వద్దంటున్నానని పొరబడకండి. శ్రీశైలం కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్కేంద్రాలున్నాయి. ఆ వెలుతురులోనే ఇది రాస్తున్నాను. ఈ నీటి అందం చూడవద్దనీ అనను. అయితే ఈ నీరు అందరికీ విహారం కాదు. ఒడ్డునున్న వారికి ఇది అవతలి ఊళ్ళోని చుట్టాలకూ తమకూ మధ్య అడ్డం. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర పడవ మునిగి అరవైమంది దాకా ప్రాణాలు కోల్పోయారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెనకు కేంద్రం అనుమతి ఇచ్చింది 2022లో. వంతెన కడుతున్నప్పుడైనా దాని మొదట్లో ఒక రాయి నాటి, మునిగిన ఊళ్ళ పేర్లన్నీ చెక్కించవచ్చు. వెయ్యి కోట్ల పనిలో అది ఏపాటి ఖర్చు? లాంచీలో సినిమా పాటలతోపాటు ఆ పేర్లు కూడా వినిపిస్తే పర్యాటకులకు వచ్చే నష్టమేమిటి? జాబితా కోసం కార్యాలయాలలో దుమ్ము దులపనక్కరలేదు. వలవేసేవారిని అడిగితే చాలు.

నేను అడిగి చూశాను. ఆనాటి ఉదయం లాంచీ తిరిగి రేవుకు వస్తున్నప్పుడు, ఈ చుట్టుపట్ల ఏయే ఊళ్ళమీద వలలు వేస్తారో చెప్పమన్నాను. కుర్రవాడు చుక్కాని మీద చేయి తీయకుండా, గడ్డంతో దిక్కు చూపుతూ పదకొండు పేర్లు చెప్పాడు. మా అమ్మాయి వాటిని నోటుపుస్తకంలో రాసుకున్నది. నాలుగుచోట్ల తప్పులు పోయాయి. అమ్మ ఆ పుస్తకం అడిగి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, ఒక్కొక్కటే దిద్దింది. చివర పన్నెండవ పేరు తానే రాసింది.